లోహ నామఫలకాలు - కత్తిరించు పద్ధతి ఎంపిక

ఒక కార్యాలయం పేరును తెలియజేయుటకు లోహపు పలకతో గాని, లోహపు అక్షరాలతో గాని ప్రత్యేకంగా చేయించే బోర్డును లోహ నామఫలకం అంటారు. ఇత్తడి, రాగి, అల్యూమినియం, స్టెయిన్‌లెస్ స్టీలు, మైల్డ్ స్టీలు (మెత్తని ఉక్కు) ఇందుకు ఎక్కువగా వాడే లోహాలు. పలకను అక్షరాల ఆకారంలో కత్తిరించుటకు చేతి రంపం మొదలుకొని లేజరు కిరణం వరకు పలు పద్ధతులు ఉన్నాయి. ఏ పద్ధతి వాడాలో సాధారణంగా లోహాన్ని, దాని మందాన్ని చూసి నిర్ణయిస్తారు. తెలుగు ఫలకాల విషయంలో ఇది చాలదు. పేరులోని అతి చిన్న భాగం, అనగా ఒక చుక్క, ఒక సున్నా లేక ఒక వత్తు, ఎంత పరిమాణంలో ఉన్నదో, కోసిన తరువాత ఆ అంచుకు ఏమి చేయదలచుకున్నారో తెలిసినపుడే తగిన పద్ధతి తేలుతుంది.

ఈ వ్యాసంలో ఉదాహరణకు "జిల్లా కేంద్ర గ్రంథాలయం" అన్న పేరును తీసుకొనడమైనది. చూడటానికి సులువైన పేరే అయినా, లోహంలో కోసేవారికి రాగల ఇబ్బందులు చాలావరకు ఇందులో ఉన్నాయి.

ఫలకాల రకాలు

తయారీని బట్టి ఈ ఫలకాలు ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది విడి అక్షరాల ఫలకం. ఇందులో ప్రతి అక్షరాన్ని పలక నుండి వేరుగా కోసి, వెనుక మరమేకులు అతికి, గోడకు గాని మరొక పలకకు గాని బిగిస్తారు. రెండవది తొలిచిన ఫలకం. ఇందులో పలక అలాగే ఉండి, అక్షరాలు ఉండవలసిన చోట లోహాన్ని కోసి తీసివేస్తారు. వెనుక దీపం అమర్చితే అక్షరాలు వెలుగుతాయి. మూడవది చెక్కిన ఫలకం. ఇందులో కోత పలక ఆవలి వైపుకు పోదు. పైపొరను కొంత లోతు వరకు తొలగించి, ఆ పల్లంలో రంగు నింపుతారు. అధికారుల గది తలుపు పక్కన కనిపించే ఇత్తడి పేరు పలకలు చాలావరకు ఈ రకానివే.

భవనం పైభాగాన ఉండే పెద్ద పెట్టె అక్షరాలు మొదటి రకంలోనివే. వాటి ముఖభాగాన్ని పలుచని రేకు నుండి కోసి, చుట్టూ రేకు పట్టీని వంచి అతుకుతారు. తెలుగు అక్షరాలకు వంపులు ఎక్కువ కనుక ఇక్కడ కోత కంటె పట్టీ వంచే పనికే శ్రమ, ఖర్చు అధికం.

తెలుగు లిపి వలన కలిగే ఇబ్బందులు

రోమను పెద్దబడి అక్షరాలు చాలావరకు ఒక్కొక్కటి ఒకే ముక్క. తెలుగు అక్షరం అలా కాదు. ప, ష, స, హ వంటి అక్షరాలలో తలకట్టు అక్షర దేహానికి తగలకుండా పైన విడిగా ఉంటుంది. వత్తులు చాలా ఖతులలో (ఫాంట్లలో) కింద వేలాడుతూ వేరుగా ఉంటాయి. సున్నా ఎప్పుడూ విడి ముక్కే. "జిల్లా కేంద్ర గ్రంథాలయం" అన్న పేరులో మూడు సున్నాలు, ఒక లావత్తు, రెండు క్రావడులు, థ లోపల ఒక చుక్క ఉన్నాయి.

ఈ చుక్క చిన్నదే గాని దాని పని పెద్దది. థ నుండి చుక్క పోతే మిగిలేది ధ. అప్పుడు ఫలకం మీద "గ్రంధాలయం" అని ఉంటుంది. బడిలో ఉపాధ్యాయులు ఎర్రసిరాతో దిద్దే తప్పు గ్రంథాలయం గుమ్మం మీదనే శాశ్వతంగా నిలిచిపోతుంది. అట్లే "పాఠశాల" అన్న మాటలో ఠ లోని చుక్క పోతే అది "పారశాల" అవుతుంది.

విడి అక్షరాల ఫలకంలో ఈ చుక్క ఒక విడి బిళ్ల. దానికి వేరుగా మరమేకు కావాలి. తొలిచిన ఫలకంలో సమస్య తలకిందులవుతుంది. అక్కడ చుక్క ఒక రంధ్రం మాత్రమే కనుక పోయేది లేదు. అయితే సున్నా చుట్టూ కోయగానే లోపలి వృత్తం ఆధారం లేక రాలిపోతుంది, సున్నాకు బదులు గుండ్రని కంత మిగులుతుంది. ర, ఠ వంటి మూసుకున్న అక్షరాల గతి కూడ అంతే. దీనిని నివారించుటకు లోపలి భాగాన్ని బయటి పలకతో కలుపుతూ సన్నని పట్టీలను వదిలి కోస్తారు. వీటిని పనివారు బ్రిడ్జీలు అంటారు. బ్రిడ్జీ వెడల్పు పలక మందానికి తగ్గకుండా ఉండటం మంచిది. బ్రిడ్జీలు ఇష్టం లేనివారు పలక వెనుక పాల తెలుపు అక్రిలిక్ షీటు పెట్టి, రాలిన ముక్కలను దానిపై అతికిస్తారు. చూపుకు ఇదే బాగుంటుంది, కాని జిగురు వయసు మీద ఆధారపడుతుంది.

అక్షరం పరిమాణం కూడ ఇక్కడే నిర్ణయించుకోవాలి. పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు చొప్పున అక్షరం ఉండాలని బోర్డులు చేసేవారు ఒక మోటు లెక్క చెబుతారు. అది రోమను పెద్దబడికి చెప్పిన లెక్క. తెలుగులో గుడులు పైకి, వత్తులు కిందికి పోతాయి కనుక మొత్తం ఎత్తును కాక అక్షర దేహం ఎత్తును లెక్కలోకి తీసుకోవాలి. మధ్యరకం లావు గల ఖతిలో దేహం 150 మి.మీ. ఎత్తు ఉంటే థ లోని చుక్క సుమారు 12 మి.మీ. రావచ్చును. అదే ఖతిని తలుపు పలక కోసం 40 మి.మీ.కు తగ్గిస్తే చుక్క 3 మి.మీ. అవుతుంది. రామభద్ర వంటి బాగా లావైన ఖతులలో అక్షరం లోపలి ఖాళీలు ఇంకా ఇరుకు. ఏ యంత్రం ఈ 3 మి.మీ. చుక్కను చుక్కగానే కోయగలదు అన్నదే ఎంపికలో అసలు ప్రశ్న.

కత్తిరించు పద్ధతులు

చేతి రంపం: ఇత్తడి, రాగి, అల్యూమినియం రేకులను కంసాలులు వాడే సన్నని రంపంతో చేత్తో కోయవచ్చును. లోపలి ఖాళీ కోసం ముందుగా రంధ్రం తొలిచి, బ్లేడును అందులోంచి దూర్చి మరల బిగిస్తారు. కోత వెడల్పు అర మిల్లీమీటరు లోపే. అంచును ఆకురాయితో సాపు చేస్తారు. ఒకటి రెండు చిన్న ఇత్తడి ఫలకాలకు ఇది నేటికీ పనికివచ్చే పద్ధతే. పదిహేను అక్షరాలు దాటితే కూలి యంత్రపు ఖర్చును మించుతుంది.

ఆక్సిజను-ఎసిటిలీను మంట: ఇందులో ఇనుమును సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడిచేసి, దానిపైకి స్వచ్ఛమైన ఆక్సిజను ధారను వదులుతారు. ఇనుము ఆ ధారలో మండి ఆక్సైడుగా మారి కొట్టుకుపోతుంది. అంటే ఇది కరిగించడం కాదు, కాల్చడం. ఇనుము ఆక్సైడు ఇనుము కంటె తక్కువ ఉష్ణోగ్రతలో కరగడం వలననే ఈ కోత సాధ్యమవుతున్నది. అల్యూమినియం 660 డిగ్రీల వద్ద కరిగితే దాని ఆక్సైడు 2,000 డిగ్రీలు దాటితే గాని కరగదు. స్టెయిన్‌లెస్ స్టీలులోని క్రోమియం ఆక్సైడుది కూడ ఇదే తీరు. అందువలన ఆ లోహాలకు ఈ పద్ధతి పనికిరాదు. మెత్తని ఉక్కులో కూడ పలుచని పలక వేడికి వంకర తిరుగుతుంది. నామఫలకాలకు దీని ఉపయోగం దాదాపు లేదు. అయినా వీధి చివరి వెల్డింగు దుకాణంలో ముందుగా దొరికేది ఇదే కనుక చెప్పవలసి వచ్చింది.

ప్లాస్మా కోత: సన్నని నాజిల్ గుండా పోయే వాయువులో విద్యుత్ చాపాన్ని పుట్టించి, ఆ వాయువును 20,000 డిగ్రీల స్థాయికి వేడెక్కించి లోహాన్ని కరిగించి ఊదివేస్తారు. రాబర్ట్ గేజ్ పేరిట 1957లో అమెరికాలో దీనికి పేటెంటు లభించింది. విద్యుత్తును ప్రసరింపజేసే ఏ లోహాన్నయినా కోస్తుంది. కంప్రెసరు గాలి చాలు కనుక చౌక. లోపాలు అంచులో కనిపిస్తాయి. కోత వెడల్పు సాధారణంగా 1.5 నుండి 3 మి.మీ. వరకు ఉంటుంది. అంచు నిటారుగా కాక కొద్దిగా వాలుగా వస్తుంది. అడుగున చిట్టెం గడ్డకట్టి ఉంటుంది, దానిని గ్రైండరుతో తీయాలి. రంధ్రం వ్యాసం పలక మందానికి ఒకటిన్నర రెట్లయినా లేకపోతే గుండ్రదనం చెడుతుంది. పైన చెప్పిన 3 మి.మీ. చుక్కను ప్లాస్మాతో కోస్తే అది చుక్కగా కాక కాలిన మచ్చగా వస్తుంది. ఒకటి రెండు అడుగుల ఎత్తు గల, రంగు వేయబోయే ఉక్కు అక్షరాలకు మాత్రం దీనిని తప్పుపట్టనవసరం లేదు.

లేజరు కోత: నేడు లోహ నామఫలకాలకు ఎక్కువగా వాడే పద్ధతి ఇదే. 1960లో థియొడోర్ మైమన్ తొలి లేజరును పనిచేయించాడు. 1964లో బెల్ ప్రయోగశాలలో, మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్ కార్బన్ డయాక్సైడు లేజరును కనుగొన్నాడు. 1967లో ఇంగ్లండులో పీటర్ హోల్డ్‌క్రాఫ్ట్ ఆ కిరణంతో పాటు ఆక్సిజను ధారను వదిలి 1 మి.మీ. ఉక్కు రేకును కోశాడు. కిరణానికి తోడుగా వాయువును ఊదడమన్న ఆ ఆలోచనే నేటి యంత్రాలన్నిటికీ మూలం.

కార్బన్ డయాక్సైడు లేజరు తరంగదైర్ఘ్యం 10.6 మైక్రోమీటర్లు. ఇత్తడి, రాగి ఈ కాంతిని అద్దం వలె తిప్పికొడతాయి. అందువలన చాలాకాలం లేజరు దుకాణాలవారు ఇత్తడి పని ఒప్పుకొనేవారు కాదు. ఫైబరు లేజరు కాంతి సుమారు 1.07 మైక్రోమీటర్లు. దీనిని లోహాలు మెరుగ్గా గ్రహిస్తాయి. ఈ యంత్రాలు వ్యాపించిన తరువాత ఇత్తడి అక్షరాలు కోయించడం సులువైంది. కనుక ఇత్తడి ఫలకం చేయించేవారు "లేజరు ఉందా" అని కాక "ఫైబరు లేజరు ఉందా" అని అడగాలి.

లేజరు కోత వెడల్పు 0.1 నుండి 0.3 మి.మీ. మాత్రమే. 3 మి.మీ. పలకలో 3 మి.మీ. చుక్క చక్కగా వస్తుంది. ఐతే తోడు వాయువు ఏదన్నది పనివారి ఇష్టానికి వదలరాదు. మెత్తని ఉక్కును సాధారణంగా ఆక్సిజనుతో కోస్తారు. అప్పుడు అంచు మీద నల్లని ఆక్సైడు పొర ఏర్పడుతుంది. దాని మీదనే పౌడరు కోటింగు వేస్తే, కొంతకాలానికి ఆ పొర రంగుతో సహా ఊడి, అంచు వెంబడి తుప్పు చార మొదలవుతుంది. రంగు వేయడానికి ముందు అంచును సాన పట్టించాలి, లేదా నైట్రోజనుతో కోయించాలి. స్టెయిన్‌లెస్ స్టీలుకు నైట్రోజను తప్పనిసరి అనుకోవడమే మేలు. ధర కొంత ఎక్కువైనా అంచు వెండి రంగులో వస్తుంది. ఆక్సిజనుతో కోసిన స్టెయిన్‌లెస్ అంచు నల్లబడటమే కాక తుప్పును తట్టుకొనే గుణాన్ని కూడ కోల్పోతుంది.

నీటిధార కోత: సుమారు 4,000 బార్ల పీడనంతో సన్నని రంధ్రం గుండా వచ్చే నీటిలో గార్నెట్ ఇసుకను కలిపి లోహాన్ని కోస్తారు. ఇసుక కలిపే ఈ విధానం మొహమ్మద్ హషీష్ కృషితో 1980 దశకంలో పరిశ్రమలోకి వచ్చింది. గార్నెట్ ఆంధ్ర తీరానికి కొత్తది కాదు. భీమునిపట్నం ప్రాంతపు సముద్రపు ఇసుకలో ఇల్మెనైటు, సిల్లిమనైటులతో పాటు అది కూడ ఉన్నది. ఈ పద్ధతిలో వేడి లేదు కనుక రంగు మారదు, పలక వంగదు. కోత వెడల్పు సుమారు 1 మి.మీ. పని నిదానం, ఖర్చు ఎక్కువ. మూడు మిల్లీమీటర్ల స్టీలుకు దీనిని వాడటం దండగ. దీని ఘనత రాతి ఫలకాలలో ఉన్నది. చీమకుర్తి నల్లరాతిలో ఇత్తడి అక్షరాలను పొదగవలసి వస్తే, రాతిని, ఇత్తడిని రెంటినీ ఒకే యంత్రం మీద ఒకే చిత్రంతో కోయవచ్చును. సున్నా లోపలి రాతి బిళ్లను పారవేయకుండా దాచి, ఇత్తడి కట్టు మధ్యలో తిరిగి అమర్చుతారు.

రూటరు: తిరిగే ఉలి వంటి పనిముట్టుతో కంప్యూటరు ఆధీనంలో చెక్కే యంత్రమిది. అల్యూమినియం, ఇత్తడి దీనికి అనువైనవి. పనిముట్టు గుండ్రంగా ఉండుట వలన లోపలి మూలలు పదునుగా రావు. తెలుగుకు మూలలు తక్కువ కనుక ఈ లోపం రోమను లిపిలో బాధించినంతగా ఇక్కడ బాధించదు. చెక్కిన ఫలకాలకు, అక్షరం మధ్యలో లోతుగా అంచుల్లో పలుచగా ఉండే వాలు గాడికి రూటరే తగినది. దుకాణాల ముందు విరివిగా కనిపించే అల్యూమినియం కాంపోజిట్ పలకలను కూడ దీనితోనే కోయాలి. రెండు పలుచని అల్యూమినియం రేకుల నడుమ ప్లాస్టిక్ ఉంటుంది కనుక లేజరు వేడికి అది కరిగి కాలుతుంది. పీవీసీ షీటును లేజరు కింద పెట్టడం మరీ ప్రమాదం. దాని నుండి వెలువడే హైడ్రోజను క్లోరైడు మనిషికీ యంత్రానికీ కూడ హాని చేస్తుంది.

రసాయనికంగా తొలచడం: ఇత్తడి పలక మీద అక్షరాలు తప్ప మిగిలిన భాగాన్ని కప్పి, ఫెర్రిక్ క్లోరైడు ద్రావణంలో ఉంచితే తెరచి ఉన్న చోట లోహం కరుగుతుంది. ఆ పల్లంలో నల్లని ఎనామిల్ నింపుతారు. 10 మి.మీ. అక్షరంలోని చుక్కను కూడ ఇది చెడగొట్టదు.

లోహం, వాతావరణం

రేకు అమ్మేవారు మందాన్ని గేజిలలో చెబుతారు. గేజి సంఖ్య పెరిగితే మందం తగ్గుతుంది, ఒకే గేజి సంఖ్యకు లోహాన్ని బట్టి మందం మారుతుంది కూడ. ఒప్పందంలో మిల్లీమీటర్లే వ్రాయించాలి. బరువును కూడ ముందే లెక్కించాలి. 3 మి.మీ. ఉక్కు పలక చదరపు మీటరుకు సుమారు 23.5 కిలోలు, అంతే మందం గల అల్యూమినియం సుమారు 8 కిలోలు తూగుతుంది.

విశాఖపట్నం, కాకినాడ వంటి తీరపట్టణాలలో ఉప్పుగాలి వలన 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు మీద కూడ గోధుమరంగు మచ్చలు వస్తాయి. అక్కడ 2-3 శాతం మాలిబ్డినం గల 316 రకం మంచిది. అయితే మంచి లోహం కొన్నా కత్తిరించే చోట చెడవచ్చును. మెత్తని ఉక్కును సాన పట్టిన చక్రంతోనే స్టెయిన్‌లెస్ అంచును సాన పడితే ఇనుప రజను అందులో దిగి, మొదటి వానకే తుప్పు చుక్కలు తేలుతాయి. వాటిని చూసి యజమాని లోహం నకిలీదని అమ్మినవారితో తగవు పెట్టుకుంటాడు. తప్పు లోహానిది కాదు, చక్రానిది.

ఇత్తడి అక్షరాలను అల్యూమినియం పలక మీద నేరుగా బిగించరాదు. తడి తగిలినపుడు రెండు లోహాల మధ్య విద్యుత్ రసాయనిక చర్య జరిగి అల్యూమినియం తినివేయబడుతుంది. నడుమ నైలాను బిళ్లలు పెట్టాలి. ఎండకు లోహం సాగుతుంది కూడ. రెండు మీటర్ల అల్యూమినియం పలక 40 డిగ్రీల తేడాకు సుమారు 1.8 మి.మీ. పెరుగుతుంది కనుక మరల రంధ్రాలను కొంచెం వదులుగా తీయాలి.

చిత్రం తయారీ

యంత్రానికి ఇచ్చేది అక్షరాలు కాదు, గీతలు. సాధారణంగా డీఎక్స్ఎఫ్ ఫైలుగా ఇస్తారు. ఇక్కడ తెలుగుకు ప్రత్యేకమైన రెండు చిక్కులున్నాయి. పేరును అక్షరాలుగానే ఉంచి పంపితే, అవతలి కంప్యూటరులో ఆ ఖతి లేనపుడు వత్తులు విడిపోయి "జిల్‌లా" అని గాని, అర్థంలేని గుర్తులుగా గాని కనబడవచ్చు. అచ్చు పనిలో వాడే యూనికోడేతర ఖతులతో ఈ బాధ మరీ ఎక్కువ. అందుచేత పంపే ముందే అక్షరాలను గీతలుగా మార్చాలి.

రెండవ చిక్కు కంటికి కనపడదు. అనేక తెలుగు ఖతులలో గుణింతపు గుర్తు అక్షరం మీదికి కొంత ఎక్కి ఉంటుంది. కాగితం మీద రెండూ నలుపే కనుక అతుకు తెలియదు. గీతలుగా మార్చినపుడు రెండింటి హద్దులూ విడివిడిగా నిలుస్తాయి. యంత్రం రెండు హద్దులనూ కోస్తుంది. ఫలితంగా "కే" లోని ఏత్వం క నుండి తెగి చేతికి వస్తుంది. దీనికి పరిష్కారం, చిత్రలేఖన సాఫ్టువేరులో ఆ ఆకారాలను ఒకటిగా కలిపివేసి, రంగు నింపకుండా గీతలను మాత్రమే చూపించి పరిశీలించడం. సున్నా లోపలి గీత, థ లోని చుక్క ఈ కలిపే పనిలో మాయం కాలేదని కూడ అప్పుడే చూసుకోవాలి.

ఉదాహరణకు ఎంపిక

మన గ్రంథాలయం ముఖద్వారం మీద 150 మి.మీ. విడి అక్షరాలు కావాలనుకుంటే, 3 మి.మీ. 304 స్టెయిన్‌లెస్ స్టీలును నైట్రోజనుతో ఫైబరు లేజరు మీద కోయించడం సమంజసం. ప్రహరీ గేటు మీద రంగు వేసిన రెండడుగుల ఉక్కు అక్షరాలకు ప్లాస్మా చాలు. గ్రంథపాలకుని గది తలుపు పక్క ఇత్తడి పలకకు రసాయనిక పద్ధతి గాని, రూటరు గాని తగినవి. ప్రారంభోత్సవ శిలాఫలకంలో ఇత్తడి పొదగాలంటేనే నీటిధార. లేజరు పనికి కోత పొడవును, మొదలుపెట్టే రంధ్రాల సంఖ్యను బట్టి, నీటిధారకు యంత్రం నడిచిన సమయాన్ని బట్టి ధర కట్టడం పరిపాటి. తెలుగు వంపుల వలన కోత పొడవు పెరుగుతుంది కనుక అక్షరానికింత అని బేరమాడే ముందు ఈ లెక్కను అడిగి చూడటం మంచిది.

కోతకు ఇచ్చే ముందు పేరును అసలు పరిమాణంలో కాగితంపై అచ్చు వేయించి, గోడకు అంటించి, వీధి అవతలి నుండి భాష తెలిసిన మరొకరిచేత చదివించాలి. విడి ముక్కలెన్నో లెక్కించి ఆ సంఖ్యను పని కాగితం మీద వ్రాయాలి. లేజరు యంత్రం బల్ల నిండు పలక కాదు, వరుసగా నిలబెట్టిన పట్టీలు. కోత పూర్తికాగానే చిన్న ముక్కలు ఆ సందుల్లోంచి కింది చెత్త పెట్టెలో పడతాయి. థ లోని చుక్క ఎక్కువగా పోయేది అక్కడే. దానిని పలకకు అర మిల్లీమీటరు వెడల్పున ఒకచోట అంటి ఉండేలా కోయమని ముందుగా చెబితే, తరువాత చేత్తో విరిచి ఆకురాయితో సాపు చేసుకోవచ్చును. పోయిన చుక్కను మరునాడు మరొక పలక నుండి కోయించవచ్చు గాని, మెరుగు గీతల దిశ మిగిలిన అక్షరంతో కలవక ఎండలో అది వేరుగా కనిపిస్తుంది.